పల్లె స్టేషన్‌లో ఒక రోజు: రైళ్ల ఫొటోలు పద్ధతిగా తీయడానికి మార్గదర్శి

రైలు ఫొటో నచ్చినవాళ్లు మొదట అడిగేది "ఏ కెమెరా?" అని. తర్వాత "ఏ లెన్స్?" అని. "ఎండ ఎటుంది, మీరెటు నిలబడ్డారు?" అని అడిగినవాళ్లు నాకింతవరకు ఇద్దరో ముగ్గురో తగిలారు. వాళ్ల ఫొటోలే బాగుంటున్నాయి కూడా.

పొద్దున పాసింజర్‌లో ఒక చిన్న స్టేషన్‌కి వెళ్లి, రోజంతా అక్కడే ఉండి, సాయంత్రం పాసింజర్‌లో తిరిగొచ్చే పని గురించి ఇది. చేతిలో ఫోనున్నా సరిపోతుంది. ఇందులో సగం పని ఇంట్లోనే అయిపోవాలి. కాబట్టి మొదటి నాలుగు అంచెలూ దాటేసి ఫొటోల దగ్గరికి దూకకండి.

1. స్టేషన్ తేల్చుకోవడం

చాలామంది విజయవాడకో సికింద్రాబాద్‌కో వెళ్లి నీరసంగా తిరిగొస్తారు. పెద్ద స్టేషన్‌లోకి బండి పాకుతూ వస్తుంది. నెత్తిన షెడ్డు, అడుగడుక్కీ స్తంభం, ఫ్రేములో జనం, వాళ్ల సూట్‌కేసులు. చిన్న స్టేషన్‌లో ప్లాట్‌ఫారం చివర షెడ్డుండదు. రెండు వైపులా పొలాలే. ఆగని బండ్లు పూర్తి వేగంతో దూసుకుపోతాయి.

అలాగని మరీ చిన్న హాల్ట్‌కి పోకండి. అక్కడ స్టేషన్ మాస్టర్ ఉండరు, లూప్ లైన్ (ఒక బండిని పక్కకి తీసి ఆపే లైను) ఉండదు, బండి ఎంత దూరంలో ఉందో చెప్పే దిక్కుండదు. మీక్కావలసింది మధ్యరకం స్టేషన్. గూగుల్ మ్యాప్స్‌లో ఉపగ్రహ చిత్రం, పక్కన రైళ్ల టైమ్‌టేబుల్ పెట్టుకుని ఇవి చూసుకోండి:

☐ మెయిన్ లైన్ పక్కన కనీసం ఒక లూప్ లైన్ ఉందా
☐ ఎక్కేదిగే పాసింజర్లు రోజుకి రెండు వైపులా కలిపి నాలుగైనా ఆగుతాయా
☐ ప్లాట్‌ఫారాల మధ్య ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఉందా
☐ కిలోమీటరులోపు లెవెల్ క్రాసింగ్ గేటు గానీ, పట్టాలను దాటే రోడ్డు వంతెన గానీ ఉందా
☐ పక్కన చెట్టు నీడ, తాగునీళ్లు, ఒక టీ కొట్టు ఉన్న ఊరేనా

మొదటిసారైతే బండ్లు ఎక్కువగా తిరిగే ట్రంక్ లైన్‌కే వెళ్లండి. విజయవాడ–గూడూరు, కాజీపేట–బల్లార్ష లాంటి చోట్ల ఒక బండి ఫొటో పాడైతే కాసేపటికి ఇంకోటి వస్తుంది. గుంటూరు–నంద్యాల లాంటి మార్గం కళ్లకి ఇంపుగానే ఉంటుంది గానీ, గంటలకొద్దీ కూర్చుంటే ఒక బండి వస్తుంది. అదొక్కటీ చెడగొట్టుకుంటే ఆ రోజుకి అంతే. అది రెండో యాత్రకి ఉంచుకోండి.

ఒక మాట. స్టేషన్లని బాగుచేసే అమృత్ భారత్ పథకం కింద అవి వరసగా మారిపోతున్నాయి. పెంకుల కప్పు, ఇటుక కమానులు ఉన్న పాత భవనం మీ దగ్గర్లో ఇంకా నిలబడి ఉంటే, రెండు స్టేషన్లలో దేనికి వెళ్లాలా అన్న సందేహమే వద్దు.

2. ఎండ లెక్క

పట్టాలు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి పోతున్నాయో మ్యాప్‌లో చూసి కాగితం మీద ఒక గీత గీయండి. రోజంతా మీరెక్కడ ఉండాలో ఆ గీతే చెబుతుంది.

ఉత్తర–దక్షిణ లైనైతే పని తేలిక. పొద్దున తూర్పు వైపు ప్లాట్‌ఫారం, మధ్యాహ్నం దాటాక పడమటి వైపు. చలికాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం వైపు పోయే బండి ముఖం బాగా వెలుగుతుంది. ఉత్తరానికి పోయే బండి పక్కలు వెలిగినా ముఖం మసకగానే ఉంటుంది.

తూర్పు–పడమర లైనుకి లెక్క వేరు. పొద్దున తూర్పుకి పోయే బండ్లకే ముఖం మీద ఎండ పడుతుంది. సాయంత్రం పడమటికి పోయేవాటికి. ఆ వేళ దానికి ఎదురు దిక్కుకి పోయే బండికి వెనక నుంచి ఎండ కొడుతుంది, ముఖం నల్లగా వస్తుంది. అలాంటి బండికి ముందు వైపు ఫొటో ఆశించకండి. వదిలేయండి, లేదా నీడబొమ్మలా తీయండి.

నిలబడే వైపు కూడా నెలని బట్టి మారుతుంది. తెలుగు నేల మీద ఏడాదిలో ఎక్కువ కాలం మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకి దక్షిణంగా ఉంటాడు. కానీ 17 డిగ్రీల అక్షాంశం దగ్గర మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా నడినెత్తి దాటి కాస్త ఉత్తరానికి పోతాడు. ఎండాకాలంలో తూర్పు–పడమర లైను పక్కన దక్షిణం వైపు నిలబడి, "ఎప్పుడూ ఇక్కడే తీస్తాను, ఇవాళేంటి ఇలా?" అని తల గోక్కున్నవాళ్లలో నేనొకణ్ణి.

డిసెంబరులో మధ్యాహ్నం కూడా సూర్యుడు 50 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. రోజంతా తీయొచ్చు. మే నెలలో తొమ్మిదిన్నర నుంచి నాలుగు దాకా బండి కప్పు తెల్లగా, చక్రాలు నల్లగా వస్తాయి. ఆ వేళ స్టేషన్ లోపలి ఫొటోలకి వాడుకోండి.

నది వంతెన తీయాలన్నా ఇదే సూత్రం. రాజమండ్రి గోదావరికి తూర్పు గట్టున ఉంది, కొవ్వూరు పడమటి గట్టున. సంధ్య వేళ ఆర్చి వంతెన మీద బండిని నీడబొమ్మలా తీయాలంటే రాజమండ్రి ఘాట్లు. సూర్యోదయానికి అదే బొమ్మ కావాలంటే కొవ్వూరు గట్టు. గట్టు మీద నుంచే తీయండి, వంతెన ఎక్కకండి.

3. టైములు రాసుకోవడం

బండ్ల రాకపోకలు చూపే రైల్వేవారి ఎన్‌టీఈఎస్ యాప్‌లో మీ స్టేషన్‌తో పాటు రెండు వైపులా ఉన్న పెద్ద స్టేషన్ల బండ్లు కూడా చూడండి. చిన్న స్టేషన్‌లో ఆగని బండ్లు ఆ స్టేషన్ పట్టికలో కనిపించవు. రెండు పెద్ద స్టేషన్లలోని టైములు చూసి, దూరాన్ని బట్టి అంచనా కట్టుకోవాలి.

బండి నంబరు మొదటి అంకె కూడా పనికొస్తుంది. 6తో మొదలైతే మెమూ (విడిగా ఇంజను లేని కరెంటు బండి), 7తో మొదలైతే డెమూ (అలాంటిదే, డీజిల్‌ది), 5తో మొదలైతే ఇంజను లాగే మామూలు పాసింజర్. ఇంజనున్న పాసింజర్ తీయాలని ముచ్చటపడి వెళ్లి మెమూ చూసి రాకుండా ఉండాలంటే ఇది గమనించాలి.

ఒక కాగితం మీద వరసగా రాయండి: అంచనా టైము, బండి, ఏ దిక్కుకి, ముఖం మీద ఎండ ఉంటుందా లేదా. ఎండ ఉండే బండ్లకి చుక్క పెట్టండి. రోజంతా పాతిక బండ్లున్నా చుక్కలు పడేది ఎనిమిదింటికో పదింటికో. మీ అసలు పని వాటితోనే. మిగతావి వచ్చినప్పుడు టీ తాగండి.

గూడ్స్ బండ్లు ప్రయాణికుల యాప్‌లలో ఉండవు. వాటి సంగతి ఏడో అంచెలో.

అన్నిటికంటే ముందు ఒకటి పెద్ద అక్షరాలతో రాసుకోండి: తిరుగు బండి టైము. అది తప్పితే ఊరి నుంచి రోడ్డుకి వెళ్లే ఆటో ఎక్కడ దొరుకుతుందో కూడా.

4. టిక్కెట్టు, అనుమతి

ప్లాట్‌ఫారం టిక్కెట్టు 10 రూపాయలు, రెండు గంటల వరకే చెల్లుతుంది. టైమైపోతే ఇంకోటి కొనాలి. జనరల్ టిక్కెట్టు చేతిలో ఉంది కదా అని రోజంతా కూర్చోవడానికి లేదు. 199 కిలోమీటర్ల లోపు జనరల్ టిక్కెట్టు తీసుకుంటే మూడు గంటల్లోపు గానీ, ఆ వైపు వెళ్లే మొదటి బండికి గానీ ప్రయాణం మొదలుపెట్టాలి. మధ్యలో దిగి మళ్లీ అదే టిక్కెట్టుతో ఎక్కడం కూడా కుదరదు. రెండు స్టేషన్లు తిరగాలనుకుంటే ముక్కముక్కకీ వేరే టిక్కెట్టు కొనండి. రైల్వేవారి రైల్‌వన్ యాప్‌లో కొనేవాళ్లు స్టేషన్ ఆవరణలోకి రాకముందే కొనుక్కోవాలి.

సొంత సరదాకి చేత్తో పట్టుకుని తీసే ఫొటోలకి సాధారణంగా ఎవరూ అడ్డు చెప్పరు. డబ్బు కోసం చేసే షూటింగ్‌కి, మోడళ్లని పెట్టి తీసే పెళ్లి ఫొటోలకి జోనల్ రైల్వే అనుమతి, రుసుము ఉంటాయి. స్టేషన్‌లో "ఫొటోలు తీయరాదు" అని బోర్డుంటే వాదన వద్దు.

దిగగానే స్టేషన్ మాస్టర్ గదికి వెళ్లండి. గుమ్మం దగ్గరే ఆగండి. ఫోన్లో మాట్లాడుతున్నా, సిగ్నళ్లు నడిపే ప్యానెల్ దగ్గర నిలబడి ఉన్నా ఆ పనయ్యేదాకా నోరు తెరవకండి. తర్వాత చెప్పాల్సింది రెండే ముక్కలు:

"నమస్కారమండీ. రైళ్ల ఫొటోలు తీసుకోవడం నాకు సరదా. సాయంత్రం పాసింజర్‌కి వెళ్లిపోతాను, ప్లాట్‌ఫారం దిగను."

ఆ చివరి రెండు మాటలూ వినగానే వాళ్ల ముఖం తేలికపడడం చూస్తారు. ఆధార్ జేబులో ఉంచుకోండి. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్లొచ్చి అడిగితే చూపించండి, తీసిన ఫొటోలు కూడా చూపించండి. ఏదైనా తీసేయమంటే తీసేయండి. సైనిక వాహనాలు మోసుకుపోయే గూడ్స్, ప్యానెల్ గది లోపలి భాగం, సిగ్నలింగ్ పరికరాలు తీయకండి. డ్రోన్ ఇంట్లోనే వదిలేయండి.

5. సంచిలో ఏముండాలి

☐ కెమెరా, లేదా దూరాన్ని దగ్గరగా చూపే 2ఎక్స్ 3ఎక్స్ లెన్సున్న ఫోను
☐ కెమెరా ఉంటే 24–70, 70–200 మిల్లీమీటర్ల లాంటి రెండు లెన్సులు. ఒక్కటే తేవాలంటే 70–200
☐ ఖాళీ చేసిన మెమరీ కార్డు, అదనపు బ్యాటరీ లేదా పవర్ బ్యాంకు
☐ చిన్న నోటుబుక్కు, పెన్ను
☐ రెండు లీటర్ల నీళ్లు, టోపీ, లెన్సు తుడిచే గుడ్డ
☐ మూసిన బూట్లు. ప్లాట్‌ఫారం చివర గడ్డిలో పాములుంటాయి, వానాకాలంలో మరీను

ఎర్ర చొక్కా వేసుకోవద్దు. పట్టాల పక్కన ఎరుపు కనిపిస్తే లోకో పైలట్ దాన్ని ప్రమాద సంకేతంగా తీసుకునే అవకాశం ఉంది. చేతులు అడ్డదిడ్డంగా ఊపడం కూడా అంతే. ఏ రంగు గుడ్డనైనా గట్టిగా ఊపితే "ఆపు" అనే అర్థం. ఫ్లాష్ పూర్తిగా ఆపేయండి, ఆటోలో వదిలేయకండి. ట్రైపాడ్ పగటిపూట దండగ, పైగా అందరి కాళ్లకీ అడ్డం.

6. మొదటి అరగంట కెమెరా తీయకండి

ముందు ప్లాట్‌ఫారం ఈ చివర నుంచి ఆ చివరకి నడవండి. నీడ ఎక్కడ పడుతోంది, తీగల స్తంభాలు ఎక్కడున్నాయి, వెనకాల సెల్‌టవర్ ఏమైనా లేచి కనిపిస్తోందా, చూసుకోండి. ప్లాట్‌ఫారం చివర వాలు దగ్గర ఆగిపోవాలి. అది దాటితే రైల్వే చట్టం ప్రకారం అక్రమ ప్రవేశం. 1989 చట్టం 147వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ.

ఈ అరగంటలోనే ఈ నియమాలు బుర్రకెక్కించుకోండి:

☐ పసుపు గీతకి వెనకే. ఆగని బండి వస్తుంటే ఇంకో రెండడుగులు వెనక్కి. గూడ్స్‌కి టార్పాలిన్ తాళ్లు, ఊడిన తలుపులు వేలాడుతుంటాయి
☐ చెవుల్లో ఇయర్‌ఫోన్లు ఉండకూడదు. కరెంటు ఇంజను దగ్గరకొచ్చేదాకా చప్పుడు చేయదు
☐ వ్యూఫైండర్లో కన్ను పెట్టి వెనక్కి నడవొద్దు. రెండో లైన్లో బండి రావచ్చు
☐ పట్టాలు దాటాలంటే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఒక్కటే దారి
☐ పైన తీగల్లో 25,000 వోల్టులు. తీగని ముట్టుకోనక్కర్లేదు, దగ్గరకెళ్తే చాలు. బ్రిడ్జి జాలీలోంచి సెల్ఫీ స్టిక్, మోనోపాడ్ బయటకి చాపొద్దు
☐ కదిలే బండి ఫుట్‌బోర్డు మీద నుంచి ఫొటోలు వద్దు

ఎవరైనా స్నేహితుడితో వెళ్తే ఒకరు తీసేటప్పుడు రెండోవాళ్లు వెనక లైన్ చూడాలి. ఇద్దరూ ఒకేసారి కెమెరాలో తలదూరిస్తే తోడుండీ ఉపయోగం లేదు.

7. బండి వస్తోందని ఎలా తెలుస్తుంది

కొత్తవాళ్లంతా బండి వచ్చే వైపు చూస్తూ నిలబడతారు. మీరు బండి వెళ్లే వైపు చూడండి. ప్లాట్‌ఫారం చివర, బండి స్టేషన్ దాటి వెళ్లొచ్చో లేదో చెప్పే స్టార్టర్ సిగ్నల్ ఉంటుంది. బండి రావాల్సిన దారిలోకి తిరిగి ఉంటుంది కాబట్టి దాని రంగు మీకు కూడా కనిపిస్తుంది. మెయిన్ లైన్ స్టార్టర్ ఎరుపు నుంచి ఆకుపచ్చకి మారిందంటే బండి ఆగకుండా పోతుంది, సిద్ధంకండి. అది ఎరుపులోనే ఉండి, పాయింట్లు (బండిని ఒక లైను నుంచి ఇంకోదానికి మళ్లించే కదిలే పట్టాలు) లూప్ వైపు తిరిగిన చప్పుడొస్తే ఏదో గూడ్స్‌ని లోపలికి తీసుకుంటున్నారని అర్థం. వెనకాల వేగం బండి ఉన్నా ఉండొచ్చు. ఉంటే రెండు ఫొటోలు.

ఒక చిన్న స్టేషన్‌లో ఇది ఎలా జరుగుతుందో చెబుతాను. మాస్టర్ గదిలో పక్క స్టేషన్‌తో కలిపే బ్లాక్ పరికరం గంట ఖంగుమంటుంది. ఫోన్లో రెండు ముక్కలు, ఒక నంబరు చెప్పుకోవడం. కాసేపటికి దూరంగా పాయింట్ మోటారు టర్రుమంటుంది. ఊరి వైపు గేటు గంట మొదలవుతుంది, ఒక ట్రాక్టరు ఆగిపోతుంది. స్టార్టర్ ఆకుపచ్చ. మాస్టర్ చుట్టిపెట్టిన పచ్చజెండాతో బయటికొచ్చి గుమ్మం ముందు నిలబడతారు. అప్పటికి మీరు మీ చోట ఉండాలి. తిన్నని లైన్లో హెడ్‌లైటు రెండు కిలోమీటర్ల ముందే కనిపిస్తుంది. గంటకి 110 కిలోమీటర్ల వేగంలో కిలోమీటరుకి 33 సెకన్లు. అంటే లైటు కనిపించాక మీకున్నది నిమిషం పైచిలుకు.

బండి దాటాక కెమెరా దించేయకండి. చివరి పెట్టె మీద ఎక్స్ గుర్తు, అక్కడ ట్రెయిన్ మేనేజర్ (గార్డు) చూపించే పచ్చజెండా, ఇటు మాస్టర్ జెండా, మధ్యలో లేచిన దుమ్ము. నా దగ్గరున్న మంచి ఫొటోల్లో సగం బండి పోయాక తీసినవే.

8. నడుస్తున్న బండిని తీయడం

110 వేగంలో బండి సెకనుకి 30 మీటర్లు కదులుతుంది. 1/250 షట్టర్‌లో, అంటే సెకనులో 250వ వంతులో, ఆ కాసేపట్లోనే 12 సెంటీమీటర్లు జరిగిపోతుంది, ఇంజను నంబరు అలుక్కుపోతుంది. 1/1000లో 3 సెంటీమీటర్లు. ఎదురుగా, కాస్త ఏటవాలుగా వచ్చే బండికి 1/1000 సరిపోతుంది. పక్క నుంచి అడ్డంగా పోయేదానికి 1/2000 పెట్టండి.

(ఎ) మాన్యువల్ మోడ్‌లో షట్టర్ 1/1000, లెన్సు రంధ్రం ఎఫ్/5.6 నుంచి 8, ఎండకి తగ్గట్టు ఐఎస్ఓ (వెలుగుని పట్టే శక్తి) 200–400. ఆటోలో వదిలేస్తే హెడ్‌లైటు చూసి కెమెరా కంగారుపడి మొత్తం చీకటి చేస్తుంది. తెల్లటి వందే భారత్‌కి ఇంకాస్త తగ్గించండి, లేకపోతే ముక్కు తెల్లగా కాలిపోతుంది.

(బి) రెండు స్తంభాల మధ్య ఖాళీని ఎంచుకోండి. తిన్నని లైన్లో స్తంభాల మధ్య దూరం 72 మీటర్లకి మించదు. 110 వేగంలో ఆ దూరం దాటడానికి రెండు సెకన్ల పైచిలుకే పడుతుంది. ఇంజను ముఖం మొదటి స్తంభం దాటాక, రెండోది తగలక ముందు నొక్కాలి.

(సి) ఆ ఖాళీలో ఒక రాయినో పట్టా పక్క గుర్తునో చూసుకుని ముందే ఫోకస్ చేసి కదలకుండా వదిలేయండి. బండి అక్కడికి వచ్చే ముందు బర్స్ట్ (ఆపకుండా వరసగా తీయడం) మొదలుపెట్టి నాలుగైదు ఫ్రేములు తీయండి. లైటు కనిపించినప్పటి నుంచీ నొక్కి పట్టుకుంటే అసలు ఘడియకి బఫర్ (కెమెరాలోని తాత్కాలిక మెమరీ) నిండిపోతుంది.

(డి) నిలబడే చోటు: మీ నీడ, బండి రాబోయే చోటు వైపు వాలి ఉండాలి. అప్పుడు ఎండ మీ భుజం మీదుగా బండి మీద పడుతున్నట్టు.

(ఇ) ఎడం వదలండి. ఇంజను ముందు ఖాళీ ఉండాలి. ముక్కు ఫ్రేము అంచుకి తగిలిన ఫొటో ఎంత పదునుగా ఉన్నా గోడకి గుద్దుకున్నట్టే ఉంటుంది.

ఫోనుతో తీసేవాళ్లకి: వేలితో నొక్కి పట్టి ఫోకస్, వెలుగు లాక్ చేయండి. రెండు మూడు ఫొటోలు కలిపి ఒకటి చేసే హెచ్‌డీఆర్ ఆపండి, లేకపోతే బండికి రెండు ముఖాలొస్తాయి. వేళ్లతో జూమ్ లాగకండి, ఉన్న 2ఎక్స్ లెన్సు వాడండి. అదీ లేకపోతే దూరంగా నిలబడి, బండి కంటే పొలాన్ని, తాటిచెట్లని ఎక్కువగా చూపించండి. వెడల్పు ఫొటోకి ఫోను కెమెరాకేం తీసిపోదు.

ఇవి చేతికొచ్చాక ప్యానింగ్ మొదలుపెట్టండి. 1/60 షట్టర్, బండితో పాటు నడుము తిప్పుతూ తీయాలి. మొదటి రోజు ముప్పైకి ఒకటి కుదిరితే గొప్ప. వేగంగా పోయే బండి కంటే స్టేషన్ నుంచి కదిలే పాసింజర్ మీద సాధన చేయండి.

9. స్టేషన్‌ని తీయడం

బండి లేని వేళ వృథా కాదు. ముందు పేరు బోర్డు. పసుపు మీద నల్లక్షరాలు, తెలుగు, హిందీ, ఇంగ్లిషు, అడుగున సముద్రమట్టం నుంచి ఎత్తు. దానికి సూటిగా ఎదురుగా నిలబడి, అక్షరాలు ఒరగకుండా ఒకటి తీయండి. తర్వాత పక్కకి జరిగి, బోర్డు వెనక లైను వంపు తిరిగేలా ఇంకోటి.

తర్వాత పెద్దది, మధ్యరకం, దగ్గరిది, ఈ వరసలో. పెద్దదంటే చెట్టుతో సహా మొత్తం భవనం. మధ్యరకమంటే బుకింగ్ కిటికీ, బెంచీ, అక్కడ కూర్చున్న మనిషి. దగ్గరిదంటే ఎర్ర ఇసుక బకెట్ల వరస, వేలాడదీసిన పట్టా ముక్క గంట, దాని మీద సుత్తి దెబ్బలకి మెరుగెక్కిన మచ్చ. ఈ మూడో రకమే అందరూ మరిచిపోతారు.

మనుషుల్ని అడిగి తీయండి. "తాతా, ఒక ఫొటో తీసుకోనా?" అంటే వద్దనేవాళ్లు తక్కువ. కాకపోతే అడగ్గానే నిటారుగా కూర్చుంటారు. ఆ ఒకటీ తీసి, చూపించి, మాటల్లో పడండి. పది నిమిషాల్లో మళ్లీ మామూలుగా కూర్చుంటారు, అప్పుడు తీయండి. పిల్లల్ని పెద్దవాళ్లు పక్కన లేకుండా తీయొద్దు.

పొద్దు గుంకాక ఇరవై నిమిషాలు చాలా విలువైనవి. ఆకాశం ఇంకా నీలంగా ఉంటుంది, ప్లాట్‌ఫారం దీపాలు వెలుగుతాయి. ఫోనుని బెంచీ మీద ఆనించి, టైమర్ పెట్టి, ఆగిన పాసింజర్‌ని తీయండి. అది మీ తిరుగు బండే అయితే ఒక్కటి తీసి ఎక్కేయండి.

10. తరచూ జరిగే తప్పులు, వాటి విరుగుడు

*గూడ్స్ అడ్డం రావడం.* నాకు బాగా మంట పుట్టించినది ఇదే. రెండు గంటలు కాచుకున్న ఎక్స్‌ప్రెస్ మెయిన్ లైన్లో పోతోంది. నాకూ దానికీ మధ్య లూప్‌లో బొగ్గు గూడ్స్ నిలబడి ఉంది. పెట్టెల సందుల్లోంచి నీలం, నీలం, నీలం, అంతే. విరుగుడు: లూప్‌లోకి గూడ్స్ వస్తోందంటే ఆ క్షణమే ఫుట్‌ఓవర్ బ్రిడ్జి ఎక్కి అవతలి ప్లాట్‌ఫారానికి వెళ్లండి. ఎండ ఎదురైనా సరే, అసలు కనిపించకపోవడం కంటే మేలు.

*ఫొటో మెత్తగా రావడం.* మూడు కారణాలుంటాయి. అన్నీ అలుక్కుపోతే షట్టర్ తక్కువ. బండి వెనకాల చెట్టు పదునుగా ఉంటే ఫోకస్ తప్పింది. దూరంలో మొత్తం నీళ్లలో ఊగినట్టుంటే కంకర వేడికి గాలి కదులుతోంది. చివరిదానికి సెట్టింగ్ ఏదీ పనిచేయదు. పొడుగు లెన్సు పక్కన పెట్టి బండిని దగ్గరికి రానివ్వాలి.

*ఇంజను నెత్తి మీద స్తంభం మొలవడం.* ఒక అడుగు పక్కకి జరిగితే పోతుంది. బండి వచ్చాక కాదు, రాకముందు.

*వాలిన ఫొటో.* ప్లాట్‌ఫారం వాలుగా ఉంటుంది కాబట్టి దాన్ని నమ్ముకోకండి. కెమెరాలో గ్రిడ్ వేసుకుని తీగల స్తంభాన్ని నిలువు గీతకి కలపండి.

*ఎల్ఈడీ బోర్డు ముక్కలైపోవడం.* 1/1000లో అది తప్పదు. బోర్డు చదవాలంటే ఆగిన బండిని 1/60 దగ్గర తీయండి.

11. ఇంటికొచ్చాక

ఆ రాత్రే ఫొటోలు రెండు చోట్ల దాచండి. తర్వాత నోటుబుక్కు పక్కన పెట్టుకుని పేర్లు మార్చండి: తేదీ, స్టేషన్ కోడ్, బండి నంబరు, ఇంజను నంబరు. ఇంజను పక్కన ఐదంకెల నంబరు, దాని బాగోగులు చూసే లోకో షెడ్డు పేరు రాసి ఉంటాయి: లాలాగూడ, విజయవాడ, కాజీపేట, ఇలా. 30 లేదా 37తో మొదలైతే చాలామటుకు వ్యాప్-7, 22తో మొదలైతే వ్యాప్-4, రెండూ ప్రయాణికుల బండ్లు లాగే కరెంటు ఇంజన్ల రకాలు. ఏడాది తర్వాత "ఆ రోజు ఏ ఇంజను?" అని మీరే వెతుక్కుంటారు, అప్పుడు ఈ పేర్లే దిక్కు.

దిద్దేటప్పుడు మూడు పనులు చాలు: వాలు సరిచేయడం, అంచులు కత్తిరించడం, చక్రాల దగ్గర నీడ కాస్త తేలిక చేయడం. ఆకాశం రంగు మార్చకండి. ఆ బండి ఎన్నింటికి పోతుందో తెలిసినవాడు ఒకడుంటాడు, పట్టేస్తాడు.

ఆన్‌లైన్‌లో పెట్టే ముందు డ్యూటీలో ఉన్న సిబ్బంది ముఖాలు ఒకసారి చూసుకోండి. నిలువ నీడ, టీ ఇచ్చిన మనిషి మీ ఫొటో వల్ల సంజాయిషీ రాసుకోవాల్సి రాకూడదు. అలాంటివి ప్రింటు తీయించి కవర్లో పెట్టి ఉంచండి. మళ్లీ అదే స్టేషన్‌కి వెళ్లినప్పుడు ముందు ఆ కవరు ఇచ్చి, తర్వాత "ఇవాళ గూడ్స్ ఏమైనా ఉన్నాయాండీ?" అని అడగండి.